ఆ గదిలోంచి ఈ గదిలోకి

“కింద మంచమే కావాలని చెప్పు బామ్మా. పై మంచం ఎక్కితే నాకు కళ్ళు తిరుగుతాయి.”

పెట్టెలో గౌన్లు సర్దుకుంటూ అంది పిచ్చుక. పదేళ్ళ పిల్ల. పసితనంలో నోరు మూతపడేది కాదని బామ్మ పెట్టిన పేరది. ఈమధ్య ఆ పేరు పెట్టి పిలవాలంటే బామ్మకే నాలుక ఆడటం లేదు. పిల్ల మాటలు పొదుపు చేయడం నేర్చింది.

“ఎవరికి చెప్పమంటావే? నన్నడిగి పంపిస్తున్నారా నిన్ను?”

“నన్నెవరూ పంపట్లేదు. నేనే వెళ్తున్నా. నాన్న సరే అన్నాడు.”

గుమ్మంలో నిలబడి వింటోంది తల్లి. పనికి బయల్దేరినది బయల్దేరినట్టే ఆగిపోయింది. సంచి భుజం మీంచి మోచేతికి జారింది.

హాస్టల్ మాట పిల్ల నోట వచ్చి వారమైంది. అలిగి అన్నమాటలే అనుకుంది తల్లి. అలక పెట్టె దాకా వస్తుందనుకోలేదు.

“నాన్న ఎప్పుడన్నాడే?”

“రాత్రి. నీతో చెప్పమన్నాడు. చెప్తున్నా కదా.” పిచ్చుక తలెత్తలేదు. “సోమవారం పొద్దున్నే వెళ్ళాలిట. నువ్వు తీసుకెళ్తావా, తనను తీసుకెళ్ళమంటావా అని కూడా అడగమన్నాడు.”

“ఆ మాట నన్నే అడగొచ్చుగా అని చెప్పు.”

“సరే, చెప్తా.”

పిల్ల ఉత్తరం అందుకున్న టపావాడిలా తల ఊపింది. తానేం చేసిందో తల్లికి అప్పుడు తెలిసింది. తెలిసేసరికి మాట చేయి దాటిపోయింది.

వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగింది. వెనకాలే అత్తగారు వచ్చింది. కోడలి మీద మనసు బాగున్నప్పుడు ‘అమ్మాయ్’ అంటుంది ఆవిడ. బాగోలేనప్పుడు ‘డాక్టరమ్మా’ అంటుంది. కోడలు మందులిచ్చే డాక్టరు కాదు. దిగులు మెదడును ఏం చేస్తుందో ఎలుకల్లో చూసే మనిషి.

“డాక్టరమ్మా, పిల్ల వెళ్ళిపోతోంది. నీకు కనిపిస్తోందా?”

“కనిపిస్తోంది అత్తయ్యా.”

“కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. నువ్వు ఎలుకను పట్టుకుని కొండను తవ్వుతున్నావు. ఈలోపల ఇంట్లో ఏం కూలుతోందో చూడవు.”

“నేనేం చేశాను? మీ అబ్బాయేం చేశారు? దాని ఎదుట ఒక్క మాట గట్టిగా అనుకున్నామా? ఒక్క కప్పు పగిలిందా ఈ ఇంట్లో? ఒక్కసారైనా తలుపు ధడేల్మందా?”

“అదేనమ్మా నా భయం. నా కాపురంలో గిన్నెలు గాల్లో తేలేవి. మీ మామగారు గొంతెత్తితే పక్కింటివాళ్ళు రేడియో కట్టేసి మరీ వినేవాళ్ళు. సాయంత్రానికి ఆ సొట్టగిన్నెలోనే ఇద్దరం తినేవాళ్ళం. మీ ఇంట్లో గిన్నెలన్నీ నిగనిగలాడుతున్నాయి. సొట్టలన్నీ పిల్లకే పడుతున్నాయి.”

కోడలు జవాబు చెప్పలేదు. చెప్పడానికి లేక కాదు. జవాబు చెబితే అది దెబ్బలాట అవుతుంది. పక్క గదిలో పిల్ల వింటుంది. పిల్ల వినేలా దెబ్బలాడకూడదన్నది ఆ ఇంట్లో కట్టుబాటు.

ఆ కట్టుబాటు ఎవరూ కూర్చుని పెట్టుకున్నది కాదు. ఆమె భర్త లెక్కల మాస్టారు. ఆయనకు వేరే ఊళ్ళో బడికి పెద్దమాస్టారుగా పిలుపు వచ్చింది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన పిలుపు. అప్పటికే ఆమె ఎలుకల పని మొదలుపెట్టింది. మధ్యలో వదిలితే మొదలూ చివరా రెండూ పోతాయి. ఒక్క ఏడాది ఆగమంది. ఆ బడివాళ్ళు ఆగలేమన్నారు. మాస్టారు కిటికీలోంచి చాలాసేపు బయటికి చూసి “పోనీలే” అన్నాడు.

అంతే. ఆ తరువాత ఆయన కోప్పడలేదు. సాధించలేదు. మాట్లాడనూ లేదు. “అమ్మకు చెప్పు”, “నాన్ననడుగు” అన్న రెండు మాటల మధ్య పిచ్చుక తిరిగింది, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలాగా.

ఇవాళ పనికి వెళ్ళేముందు ఆమె కాఫీ కప్పు తీసుకుని మాస్టారు గదిలోకి వెళ్ళింది. రోజూ చేసే పనే. ఆయన పేపరు చాటున ఉన్నాడు. కప్పు బల్ల మీద పెట్టింది. పేపరు కదల్లేదు. కాసేపు నిలబడింది. పేపరు పేజీ తిరిగింది. బయటికి వచ్చేసింది.

వచ్చి, దువ్వెన పట్టుకుని పిచ్చుక వెనకాల కూర్చుంది.

“ఇవాళ బామ్మ చేత వేయించుకుంటానమ్మా జడ.”

“ఏం? నేను బాగా వెయ్యనా?”

“వేస్తావు. కానీ నాన్న గదిలోంచి వచ్చి వేస్తే నొప్పేస్తుంది.”

తల్లి చేయి ఆగింది. “మరి ఎప్పుడు నొప్పెయ్యదు?”

పిచ్చుక ఆలోచించింది. అబద్ధం చెప్పే పిల్ల కాదు. “పెరట్లోంచి వచ్చి వేస్తే.”

బామ్మ వచ్చి కూర్చుంది. కోడలి చేతిలోంచి దువ్వెన తీసుకుంది.

*

పరిశోధనశాలలో నడవాకు అటొక గది, ఇటొక గది. తలుపుల మీద అంకెలు ఉంటాయి గానీ ఆమె మనసులో వాటికి వేరే పేర్లున్నాయి. ఒకటి ఇరుకు గది. రెండోది నిమ్మళం గది.

ఇరుకు గదిలో ఎలుకలను సన్నటి గొట్టాల్లోకి ఎక్కిస్తారు. గొట్టానికి చిల్లులుంటాయి, గాలి ఆడుతుంది. దెబ్బ లేదు, ఆకలి లేదు. వెనక్కి తిరగడానికి మాత్రం వీలుండదు. రోజూ కొంతసేపు అలా ఉంచి వదిలేస్తారు. నిమ్మళం గదిలో ఎలుకలకు ఆ బాధ లేదు. ఒళ్ళో పెట్టుకుని కాసేపు నిమిరి, మళ్ళీ గూట్లో పెట్టడమే.

చివరికి రెండు గదుల ఎలుకల మెదడునూ పల్చటి పొరలుగా కోసి, రంగు అద్ది చూస్తారు. మెదడులో జ్ఞాపకాలు నిలిచే చోట కణాలకు చెట్టుకున్నట్టు కొమ్మలుంటాయి. దిగులు నెలల తరబడి సాగితే ఆ కొమ్మలు పొట్టివవుతాయి. భయానికి కాపలా కాసే చోట మాత్రం కొత్త కొమ్మలు గుబురుగా వేస్తాయి. అంటే దిగులు పడ్డ ప్రాణి నేర్చుకున్నది మరిచిపోతుంది, బెదిరింది మాత్రం మరిచిపోదు. ఇదంతా ఆమెకు ముందే తెలుసు. ఇరుకు తీసేశాక ఆ కొమ్మలు మళ్ళీ చిగురిస్తాయా, ఎన్నాళ్ళకు చిగురిస్తాయి అన్నది తెలుసుకోవాలనే ఆమె తపన.

అది తెలియాలంటే నిమ్మళం గది ఎలుకల కొమ్మలు నిండుగా ఉండాలి. అవే కొలబద్ద. పోయిన వారం చూసిన పొరల్లో అవీ పొట్టిగానే ఉన్నాయి.

ఆమె పై అధికారి తల నెరిసిన ప్రొఫెసరు. అందరూ ‘పెద్దాయన’ అంటారు. మైక్రోస్కోపు మీద వంగి చూసి, నిటారుగా లేచి నడుం పట్టుకున్నాడు.

“చీటీలు మారిపోయుంటాయమ్మా.”

“మారలేదండీ. మొదటినుంచీ మళ్ళీ సరిచూశాను.”

“అయితే రంగు సరిగ్గా పట్టలేదు. ఈ నాలుగూ పక్కన పెట్టేయ్. మిగతావి మరీ అంత అన్యాయంగా లేవు.”

“నచ్చినవి ఉంచుకుని నచ్చనివి తీసేసేదానికి మైక్రోస్కోపు ఎందుకండీ? కూరగాయల బుట్ట చాలు.”

పెద్దాయన నవ్వాడు. “నీ నోటికి జడిసే నిన్ను నడవా చివర గదిలో కూర్చోబెట్టాను. పక్కన పెట్టమన్నాను, పారెయ్యమనలేదు. ఆలోచించు.”

ఆలోచిస్తూనే నీలం కోటు తొడుక్కుంది. ముందు ఇరుకు గది. ఎప్పుడూ అదే ముందు. కష్టమైన పని ముందు అయిపోతే మనసు తేలికపడుతుందని మొదటిరోజు పెట్టుకున్న అలవాటు. ఎలుకలను ఒక్కొక్కటిగా గొట్టాల్లోకి ఎక్కించింది. కొన్ని కీచుమన్నాయి. కొన్ని ఆమె చేతులమీదే తడి చేశాయి. ఎన్నిసార్లు చేసినా ఆ పని ఆమెకు పడదు. పూర్తి చేసి, గ్లోవులు విప్పి పడేసి, చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుని, కొత్త గ్లోవులు వేసుకుని నడవా దాటింది.

నిమ్మళం గదిలోకి రాగానే ఊపిరి వదిలింది. ఇక్కడికి రావడం ఆమెకు ఇష్టం. నిమరాల్సినదానికన్నా ఒక ఘడియ ఎక్కువే కూర్చుంటుంది. ఇల్లు గుర్తొచ్చిన రోజైతే ఇంకాసేపు కూర్చుంటుంది.

చెవి చిరిగిన ఎలుకను ఒళ్ళోకి తీసుకుంది. దాని ఒళ్ళు కట్టెలా బిగుసుకుని ఉంది. ఎప్పుడూ అలాగే ఉంటుందా? ఎప్పుడూ అలాగే ఉంటుంది. అది దాని స్వభావం అనుకుంది ఇన్నాళ్ళూ. నిమిరింది. ఎలుక ముక్కు ఆమె కోటు చేతి అంచు దగ్గర ఆగింది, మీసాలు వణికాయి. ఆమెకు దూరంగా జరగాలని మోకాలి చివరికి పాకింది.

‘నాన్న గదిలోంచి వచ్చి వేస్తే నొప్పేస్తుంది.’

ఆమె చేయి గాల్లోనే నిలిచిపోయింది.

భయపడ్డ ఎలుక ఒంట్లోంచి ఒక వాసన వస్తుంది. మన ముక్కుకు అందదు. సాటి ఎలుకకు మాత్రం అది కేక. ఆ సంగతి ఆమె చదివింది. ఎందరికో పాఠం చెప్పింది. గ్లోవులు మార్చింది, చేతులు కడిగింది. కోటు మార్చలేదు. ఒళ్ళో పెట్టుకునేది కోటు మీదే. ఇరుకు గది కేకలన్నీ ఒంటిమీద కప్పుకుని వచ్చి, ప్రేమగా ఒళ్ళో పొదువుకుని, ఒక ఘడియ ఎక్కువే నిమిరింది. తన నిమ్మళం కోసం వాటి నిమ్మళం తీసేసింది.

ఎలుకను గూట్లో పెట్టి బయటికి వచ్చింది. కోటు విప్పి నడవాలో పడేసింది. మోచేతుల దాకా కడుక్కుంది. చెట్ల కింద కాసేపు నడిచింది. బీరువాలోంచి ఉతికిన కోటు తీసి తొడుక్కుని మళ్ళీ లోపలికి వెళ్ళింది.

చెవి చిరిగినది మొదట బిగుసుకునే ఉంది. ఆమె నిమరలేదు. ఊరికే ఒళ్ళో ఉంచుకుంది. చాలాసేపటికి దాని వెన్ను మెత్తబడింది. కాళ్ళు చాపుకుని, మోకాలి మీద గడ్డం ఆనించింది.

ఒక్క ఎలుకతో, ఒక్క పూటతో రుజువు కాదు. ఆ సంగతి ఆమెకన్నా బాగా ఎవరికీ తెలియదు. అయినా పాత కోటు తెచ్చి గూళ్ళ పక్కన పెట్టి చూసింది. గూళ్ళలోవన్నీ అవతలి మూలకు వెళ్ళి ఒకదానిమీద ఒకటి పడి ముడుచుకున్నాయి.

పెద్దాయన అంతా విన్నాడు. కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ తుడిచాడు.

“ఎవరికైనా చెప్పావా?”

“మీకే.”

“చెబితే ఏమవుతుందో తెలుసుగా. కొలబద్దే వంకరదంటే కొలిచినవన్నీ పోయినట్టే. ఏడాది పని. మళ్ళీ పిల్ల ఎలుకలతో మొదలుపెట్టాలి.”

“తెలుసండీ.”

“ఇంట్లో ఏం చెప్తావు?” ఆయన గొంతు తగ్గించాడు. మాస్టారు పెద్దపదవి వదులుకున్న సంగతి ఆయనకు తెలుసు. “ఆ మనిషి నీకిచ్చింది ఈ ఏడాదేగా. అది ఎలుకల వాసనకు పోయిందని చెప్తావా? నాలుగు పొరలు పక్కన పెడితే సరిపోయేదానికి ఇల్లు ఎందుకు తవ్వుకుంటావమ్మా?”

ఆమె కిటికీ బయటికి చూసింది. ఆ మాట ఆయన చెడ్డవాడై అనలేదు. అందుకే అది ఎక్కువ లాగింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఇంట్లో కప్పు పగలదు. తలుపు ధడేల్మనదు.

“మా పిల్ల సోమవారం వెళ్ళిపోతోందండీ,” అంది.

“ఎక్కడికి?”

“నిమ్మళం వెతుక్కుంటూ.”

*

ఎండ ఇంకా గోడల మీద ఉండగానే ఇల్లు చేరింది. చెప్పుల చప్పుడుకు పిచ్చుక గదిలో కదలిక ఆగిపోయింది. పిల్ల ఊపిరి బిగబట్టి వింటోందని తల్లికి మొదటిసారిగా తెలిసింది. ఇన్నాళ్ళూ అది తన చెవిన పడలేదంటే ఆశ్చర్యం వేసింది.

తిన్నగా పిల్ల దగ్గరికి వెళ్ళడం అలవాటు. ఇవాళ వెళ్ళలేదు. మాస్టారు గదిలోకి వెళ్ళింది. తలుపు వేయలేదు.

ఆయన పిల్లల లెక్కలు దిద్దుతున్నాడు.

“ఏమండీ.”

ఎర్ర కలం ఆగింది. ఆ పిలుపు ఈ గదిలో వినిపించి ఎన్నాళ్ళయిందో గోడలకే తెలియాలి.

“పిచ్చుకతో చెప్పి పంపకపోయావా?” అన్నాడు, కాగితం వంకే చూస్తూ.

“దాన్ని ఆ ఉద్యోగం మాన్పించాను.”

ఆయన పెదవి ఒక పక్కకు కదిలింది. నవ్వో, మరొకటో.

ఆమె కూర్చుంది. ఆ కుర్చీలో ఆమె కూర్చోవడమే ఒక వింత. చెప్పింది. రెండు గదులు, నీలం కోటు, పొట్టి కొమ్మలు, పెద్దాయన పక్కన పెట్టమన్న నాలుగు పొరలు. పెట్టనని చెప్పి వచ్చిన సంగతి. ఒక్కటీ దాచలేదు.

“మీరు నాకిచ్చిన ఏడాది పోయిందండీ. ఎవరూ పాడుచేయలేదు. నేనే.”

మాస్టారు కలానికి మూత పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు. నోరు తెరవబోయాడు.

“పోనీలే అనకండి,” అందామె. “ఏమైనా అనండి. ఆ మాట ఒక్కటి మాత్రం వద్దు.”

“అనను!”

కుర్చీ వెనక్కి పడింది. ఆయన లేచి నిలబడ్డాడు. ఆయన గొంతు అంత పెద్దదని ఆమె మరిచిపోయింది.

“ఎందుకంటాను? పోనీలే అనుకునే సంగతా ఇది? నాకు కోపం రాదనుకున్నావా? ఆ బడి నాది కావాల్సింది. అక్కడ ఏ గోడకు ఏ రంగు వేయించాలో కూడా అనుకున్నాను. ఇక్కడ కూర్చుని, పక్క బెంచీవాణ్ణి చూసి రాసిన లెక్కలు దిద్దుకుంటున్నాను, నీ ఎలుకలు ప్రశాంతంగా ఉండాలని! అవీ ఉండలేదా? వాటికీ లేదా?”

“అయితే అప్పుడే వద్దనాల్సింది!” ఆమె కూడా లేచింది. “నాకు ఆ బడి కావాలని అరవాల్సింది. నేనూ అరిచేదాన్ని. ఇద్దరిలో ఎవరో ఒకరం గెలిచేవాళ్ళం. మీరు త్యాగం చేసి మూల కూర్చున్నారు. నేను రోజూ కాఫీ పట్టుకుని ఈ గదిలోకి దొంగలా వచ్చాను!”

“వచ్చి ఏం చేశావు? కప్పు పెట్టి పోయావు. ఒక్కనాడు కూర్చున్నావా?”

“మీరు తలెత్తారా?”

“ఎత్తితే నా మొహం కనిపిస్తుందని ఎత్తలేదు!”

“నేను చూద్దామనే నిలబడ్డాను!”

వంటింట్లో ఏదో కింద పెట్టిన చప్పుడు. అత్తగారి అడుగులు గబగబా వచ్చాయి. “ఏమైందర్రా? ఏంటీ రభస? పిల్ల వింటుంది...”

ఆవిడ గది దాకా రాలేదు. తెరిచి ఉన్న తలుపులోంచి కోడలికి కనిపించింది. నడవాలో పెట్టె మీద కూర్చుని ఉంది పిచ్చుక. బామ్మ చెంగు గట్టిగా పట్టుకుంది.

“ఉండు బామ్మా. మాట్లాడుకుంటున్నారు.”

బామ్మ పిల్లను చూసింది, గదిని చూసింది. మెల్లగా గోడకానుకుని పెట్టె పక్కనే కూలబడింది. “నిజమేనే,” అంది. “మాటలే.”

గదిలో ఇద్దరూ రొప్పుతున్నారు. మాస్టారు వంగి, పడిపోయిన కుర్చీ లేపాడు. దాని వీపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మళ్ళీ మాట్లాడేసరికి గొంతులో వేడి లేదు.

“వాళ్ళు మళ్ళీ అడిగారు.”

“ఎవరు?”

“ఆ బడివాళ్ళు. పెట్టుకున్నాయన మానేశాడు. పై నెలలో రమ్మన్నారు.” ఆయన ఈసారి తలెత్తాడు. ఆమె ఇన్నాళ్ళూ చూడాలనుకున్న మొహం అదే. “నిన్న సరేనన్నాను. అందుకే హాస్టల్‌కీ సరేనన్నాను. నేను లేకపోతే పిల్లతో నీ పని ఆగుతుందని.”

“మీరొక్కరే వెళ్తారా?”

ఎలుకలతో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలని ఆమె కాసేపటి క్రితమే చెప్పింది. ఆయన వెళతానని ఇప్పుడు చెప్పాడు. రెండూ ఆ గదిలో పక్కపక్కన నిలబడ్డాయి.

ఇద్దరూ ఒకేసారి గుమ్మం వైపు చూశారు.

పిచ్చుక పెట్టె మీంచి లేచింది. మూత తెరిచింది. సర్దినవి బయటికి తీయాలో, మిగిలినవి కూడా పెట్టాలో తేల్చుకోలేక, తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూస్తూ నిలబడింది.

“నాన్నా,” అంది చివరికి. “అమ్మ అడిగినదానికి జవాబు నేను చెప్పాలా, నువ్వే చెప్తావా?”